దాచిపెట్టిన గుర్రాలు ఎవరి కోసం?

కొత్త పికప్ ట్రక్కు ఇంటికొచ్చిన నాలుగో రోజున మా పిన్ని కొడుకు వచ్చాడు. బండి బాగుందని ఒక్క మాటైనా అనకముందే బానెట్ ఎత్తించాడు. టర్బో ఎక్కడుందో వేలితో చూపించి, "అన్నయ్యా, ఇందులో కంపెనీ వాడు కనీసం యాభై గుర్రాలు దాచిపెట్టి అమ్ముతాడు. కంప్యూటర్లో ఒక్క ఫైలు మారిస్తే అన్నీ బయటికొస్తాయి" అన్నాడు. గుర్రాలంటే హార్స్‌పవర్, ఇంజను శక్తికి కొలత. చెరలో ఉన్నవాళ్లను విడిపించడానికి వచ్చినంత ఆవేశం ఆ గొంతులో. నేను అప్పటికి సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా పీకలేదు.

మనకు 'పికప్' అనే మాట రెండు రకాలుగా వాడుకలో ఉంది. వెనక తొట్టి ఉన్న బండి ఒకటి, బండి వేగం అందుకునే తీరు రెండోది. "పికప్ ఎలా ఉంది?" అని ఎవరడిగినా రెండోదాని గురించే. ఈ బండి కొన్నవాళ్లలో చాలామంది కూడా మొదటి అర్థాన్ని షోరూములోనే వదిలేసి, రెండోదాని మీద డబ్బు పోయడం మొదలుపెడతారు. నేనూ కొంత పోశాను. ఆ సంగతి దాచను, కాస్త ఆగి చెబుతాను.

తమ్ముడి మాట అబద్ధం కాదు. గుర్రాలను దాచిన మాట నిజం. ఇంజను చేయగలిగినదాని కన్నా తక్కువే చేసేలా దాన్ని దిద్ది పంపిస్తారు. నా పేచీ ఆ గుర్రాలు ఎవరివన్న దగ్గర. ఎండ మాడ్చేస్తున్న రోజున, తొట్టినిండా బరువుతో, వెనక ట్రైలరుతో, దారిలో దొరికిన ఏదో పెట్రోలుతో కొండదారి ఎక్కాల్సి వస్తుంది చూడండి, ఆ రోజు కోసం కట్టేసి ఉంచిన గుర్రాలవి. ఖాళీ రోడ్డు మీద ఆదివారం పొద్దున వాటిని తోలుకుపోతే, ఆ రోజున కొట్టంలో ఏమీ ఉండదు.

టర్బో పని తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇంజను వదిలేసే పొగలో ఇంకా బోలెడు శక్తి మిగిలి ఉంటుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడితే గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన బిగించిన చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువ పడితే పెట్రోలూ ఎక్కువ కాల్చవచ్చు, చిన్న ఇంజను చేత పెద్ద ఇంజను పని చేయించవచ్చు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. వినడానికి తేలిగ్గా ఉన్న ఈ పని అంకెల్లోకి దిగితే భయపెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, చిన్న టర్బోల్లో రెండు లక్షలు కూడా దాటుతుంది. పెట్రోలు బండిని గట్టిగా తొక్కితే ఒక చక్రానికి తగిలే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. జానెడు దూరం కూడా లేని రెండో చక్రం మామూలు గాలిని పీలుస్తూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఇరుసును మోస్తున్నది చాలా బండ్లలో ఒక ఆయిల్ పొర, అంతే. దాని మందం కొద్ది మైక్రాన్లు. తలవెంట్రుకను నిలువునా పది చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో, దానికి అటూ ఇటూ.

ఈ బొమ్మ మనసులో నిలిస్తే సంరక్షణ గురించి సగం సలహాలు ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దున్నే బండి తీయగానే ఎందుకు గట్టిగా తొక్కకూడదు? ఆయిల్ ఇంకా వేడెక్కి పలచబడలేదు కాబట్టి. డాష్‌బోర్డు మీది ముల్లు నీళ్ల వేడిని చూపిస్తుంది. ఆయిల్ వేడెక్కడానికి అంతకన్నా చాలా ఎక్కువ సేపు పడుతుంది. ముల్లు మధ్యకు రాగానే అంతా సిద్ధమనుకోవడం మనం చేసే పొరపాటు. అలాగే బరువు లాగి కొండెక్కి రాగానే తాళం తిప్పేస్తే, ఎర్రగా కాలిన ఇరుసు దగ్గర నిలిచిపోయిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఇప్పటి టర్బోలకు చుట్టూ నీళ్లు తిరుగుతాయి, కొన్ని బండ్లలో ఇంజను ఆగినా చిన్న మోటారు ఆ నీళ్లను తిప్పుతూనే ఉంటుంది. కాబట్టి కూరగాయలకని వెళ్లొచ్చి రెండు నిమిషాలు ఇంజను నడుపుతూ కూర్చోనక్కరలేదు. ఆ చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపితే చాలు. తాళం తీశాక కూడా ఇంజనును కాసేపు నడిపించే, 'టర్బో టైమర్' పేరుతో అమ్మే పరికరాల పని ఆ ఒక్క కిలోమీటరు చేసేస్తుంది.

మొదటి వేయి, పదిహేను వందల కిలోమీటర్ల గురించి రెండు వర్గాలున్నాయి. పసిబిడ్డలా చూసుకోవాలనేది ఒక వర్గం, మొదటి రోజు నుంచే మెడలు వంచాలనేది ఇంకొకటి. పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు ఒదగాలంటే వాటి వెనక కొంత ఒత్తిడి ఉండాలి. మరీ మెత్తగా నడిపితే అవి సరిగా ఒదగవు. అలాగని ట్రైలరు తగిలించి పూర్తిగా తొక్కడమూ తప్పే. వేగం మారుస్తూ, ఒకే వేగంలో గంటల తరబడి పోకుండా, అప్పుడప్పుడు సగానికి పైగా తొక్కి వదులుతూ నడిపాను. కంపెనీల పుస్తకాలు ట్రైలరు లాగడాన్ని సుమారు 800 నుంచి 1,600 కిలోమీటర్ల దాకా వద్దంటాయి. ఇంజను కన్నా ముందు అది వెనక ఇరుసులోని గేర్ల కోసం చెప్పిన మాట. పళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని నునుపెక్కాల్సింది అక్కడే.

మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న దగ్గర నేను పుస్తకాన్ని దాటాను. పుస్తకం 10,000 కిలోమీటర్లంది, నేను 1,600 దగ్గర మార్చాను. కొత్త ఇంజను తన ఒంటి నుంచి రాల్చుకునే లోహపు పొడి ఎక్కువగా రాలేది ఈ దశలోనే. దీన్ని మహత్యంలా చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. 2024లో టయోటా కంపెనీ టండ్రా పికప్పులు, లెక్సస్ ఎల్‌ఎక్స్ బండ్లు కలిపి లక్షకు పైగా వెనక్కి పిలిచింది. తయారీలో మిగిలిపోయిన లోహపు ముక్కలు వాటి ట్విన్ టర్బో ఇంజన్లలోని ప్రధాన బేరింగులను దెబ్బతీయవచ్చన్నది కారణం. తొందరగా ఆయిల్ మార్చి ఉంటే అది తప్పేదని చెప్పలేం. ముక్క బేరింగు దాకా వెళ్లాక డబ్బా ఆయిల్ ఏం చేస్తుంది? నేను మార్చింది జబ్బుకు మందుగా కాదు, తర్వాత చూసుకోవడానికి ఒక మొదటి లెక్క ఉండాలని. ఆ లెక్కే నన్ను పట్టించింది.

ఆ సంగతికి ముందు ఆయిల్ రకం గురించి. చిక్కదనం ఒక్కటీ చూసి కొనేవాళ్లు డబ్బా వెనక చిన్న అక్షరాలు కూడా చదవాలి. నేరుగా సిలిండర్లోకే పెట్రోలు చిమ్మే టర్బో ఇంజన్లకు ఒక ప్రత్యేకమైన జబ్బుంది. తక్కువ చుట్ల దగ్గర, ఎక్కువ భారం మీద ఉన్నప్పుడు, స్పార్కు పడకముందే మిశ్రమం అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పైనుంచి సమ్మెట దెబ్బ పడుతుంది. ఒకటి రెండు దెబ్బలకే పిస్టన్లు పగిలిన ఇంజన్లున్నాయి. ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాల్లో కాల్షియం ఎక్కువైతే ఈ బెడద పెరుగుతుందని తేలాక, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) నుంచి 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. డబ్బా మీద ఎస్‌పీ అని ఉందో లేదో చూడటం అరనిమిషం పని. జాగ్రత్తలో రెండో సగం మన కాలి కింద ఉంది. పెద్ద గేరులో, ఇంజను పదిహేను వందల చుట్ల దగ్గర మూలుగుతుంటే, కింది గేరుకు మారకుండా కాలు అదిమితే ఆ జబ్బును కోరి పిలిచినట్టే. ఇంజను చుట్లు పెరిగితే అరుగుతుందని, తక్కువ చుట్లే దానికి సుఖమని పెద్దవాళ్లు నేర్పిన అలవాటు టర్బో బండికి పనికిరాదు. బరువుతో ఎక్కేటప్పుడు అరవనివ్వండి.

ఇక నా తప్పు. అయిదు నెలలు గడిచేసరికి తమ్ముడి పోరు కొంత, నా చెవుల ఆశ కొంత. ఇంజను గదిలో బయటికి కనిపించేలా బిగించే ఎర్రటి నూలు ఫిల్టరు ఒకటి తెచ్చాను. కంపెనీ పెట్టిన నల్లటి డబ్బా, కాగితపు ఫిల్టరు తీసేసి దాన్ని పెట్టాను. ఎవరు తయారుచేశారో చెప్పను, తప్పు నాదే కాబట్టి. బాగుంది, ఒప్పుకుంటాను. తొక్కినప్పుడల్లా టర్బో గాలి పీల్చే చప్పుడు, వదిలినప్పుడల్లా నిట్టూర్పు. బండి వేగం పెరిగిందని ప్రమాణం చేసి చెప్పేవాణ్ని. చెవి విన్నదాన్ని వీపు నమ్ముతుంది.

నాకు ఒక అలవాటుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా చిన్న సీసాలో కొంత పట్టి పరీక్షకు పంపుతాను. ఆయిల్‌లో ఏ లోహం ఎంత కరిగి ఉందో పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్కన చెబుతారు. ఇనుము పెరిగితే సిలిండర్లో, గేర్లలో అరుగుదల. సిలికాన్ పెరిగితే దుమ్ము, ఎందుకంటే ఇసుకలో సిలికాన్ ఉంటుంది. మొదటి సీసాలో సిలికాన్ 46 వచ్చింది. చూసి హడలిపోలేదు. కొత్త ఇంజన్లలో భాగాల మధ్య పూసే జిగురులోనూ సిలికాన్ ఉంటుంది, మొదటి ఒకటి రెండుసార్లు అది కారుతూనే ఉంటుంది. రెండో సీసాలో 14కి దిగింది. అనుకున్నట్టే జరిగింది. ఎర్ర ఫిల్టరు పెట్టాక మూడో సీసాలో 31. జిగురు కథ అయిపోయిన ఇంజనులో సిలికాన్ మళ్లీ ఎక్కుతోందంటే అది గాలితో వస్తున్నదే. దాని పక్కనే ఇనుము రెట్టింపయింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని.

తీసి చూస్తే ఫిల్టరు తర్వాతి గొట్టం లోపలి గోడకు సన్నటి గోధుమరంగు పూత. వేలితో రాస్తే గరగర. గాలిని కొలిచే సెన్సరు తీగకు ఫిల్టరు మీది నూనె అంటుకుని జిడ్డు. ఇంజను ఎంత గాలి పీలుస్తోందో కంప్యూటర్‌కు చెప్పేది ఆ తీగే. దానికి జిడ్డు పడితే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే పెట్రోలు పాళ్లు తప్పుతాయి. టర్బోకు దుమ్ము మరీ చేటు. లక్ష చుట్ల మీద తిరిగే అల్యూమినియం రెక్కలకు ఒక్కో ఇసుక రేణువూ ఒక్కో ఉలి దెబ్బ.

ఇంత చేసి వచ్చిందేమిటి? ఏమీ లేదు, అది కూడా లెక్క ప్రకారమే. పాతకాలపు కార్బురేటర్ బండిలో గాలికి అడ్డు తగ్గిస్తే శక్తి కొంత పెరిగేది. ఇప్పటి టర్బో బండిలో మన కాలు పెట్రోలును గాని, గాలిని గాని నేరుగా ఆజ్ఞాపించదు. ఇంత లాగుడు కావాలని కంప్యూటర్‌కు అర్జీ పెడుతుంది. అది ఎంత గాలి కావాలో లెక్కగట్టి, టర్బో పక్కన ఉన్న తలుపును అంత మేరకు తెరిచి మూస్తుంది. ఫిల్టరు కాస్త తేలిగ్గా గాలి వదిలితే టర్బో కాస్త తక్కువ శ్రమపడి అదే ఒత్తిడి అందిస్తుంది. చక్రాలకు చేరేది అదే. పైగా కంపెనీ డబ్బా బానెట్ బయటి చల్లగాలి పీల్చేది, నా ఎర్ర ఫిల్టరు ఇంజను వేడిని పీల్చింది. దుమ్ము, జిడ్డు, వేడి తీసుకుని చప్పుడు ఇచ్చింది. పాత డబ్బా తిరిగి బిగించాక నాలుగో సీసాలో సిలికాన్ 12.

ఇదే కోవలో ఇంకో ముచ్చట: కాలు తీయగానే 'ఉస్స్' అని గాలిని బయటికి వదిలే కవాటాలు. కొలిచే సెన్సరు ఉన్న బండిలో ఆ గాలిని కంప్యూటర్ అప్పటికే లెక్కలో రాసుకుని ఉంటుంది, దానికి సరిపడా పెట్రోలు చిమ్ముతుంది. గాలేమో వీధిలోకి పోయింది. కంపెనీ కవాటం ఆ గాలిని మళ్లీ టర్బో ముందుకే పంపడానికి కారణం ఇదే. ఆ ఒక్క ఉస్సు కోసం గేరు మార్చిన ప్రతిసారీ పచ్చి పెట్రోలు పొగగొట్టంలోకి వెళుతుంది.

టైర్ల విషయానికి వస్తే నా కోపం ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ హాని కనిపించదు. 265/65 ఆర్ 17 కొలత టైరుతో వచ్చిన బండికి 285/70 ఆర్ 17 వేస్తే ఎంత మగటిమిగా ఉంటుందో నాకూ తెలుసు. మొదటిదాని ఎత్తు సుమారు 776 మిల్లీమీటర్లు, రెండోది 831. ఏడు శాతం తేడా. అంటే మీటరు లెక్క ప్రకారం 100 మీద పోతున్నామనుకున్నప్పుడు, టైరు వల్లే వేగం 107 అవుతుంది. మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి కాబట్టి ఇది కొంత సర్దుకుంటుందని వాదిస్తారు. సరే. కిలోమీటర్ల లెక్క మాటేమిటి? 10,000కు సర్వీసు చేయించానని సంతోషపడేవాడు నిజానికి 10,700 తిరిగి ఉంటాడు. అసలు దెబ్బ లాగుడు మీద పడుతుంది. టైరు ఎత్తు పెరిగితే గేర్లన్నీ ఏడు శాతం బరువెక్కినట్టే, ఇంజను అంతే తిప్పినా రోడ్డు మీద నెట్టే బలం ఏడు శాతం తగ్గుతుంది. దానికి తోడు ఒక్కో టైరు మరో ఐదారు కిలోలు బరువు. బండి మందగించిందని అనిపిస్తుంది. అప్పుడు దాచిన గుర్రాలు గుర్తొస్తాయి. టైర్లు తిన్నదాన్ని ట్యూనింగ్‌తో, అంటే ఇంజను కంప్యూటర్ లెక్కలు మార్చి, పూడ్చడానికి వెళతారు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు. నేను టైర్లు మార్చాను, అదే కొలతలో, గట్టి గాడులున్నవి. చూసినవాళ్లెవరూ గుర్తుపట్టలేదు. అదొక్కటే లోటు.

బరువు లెక్క అంతకన్నా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. తలుపు పక్కన అతికించిన చీటీ ఎవరూ చదవరు. నా బండి మోయగలిగింది 700 కిలోలు, డ్రైవరు సహా మనుషులూ అందులోకే వస్తారు. ఉక్కు బంపర్ వల్ల అదనంగా 55 కిలోలు, వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే యంత్రం) 35, తొట్టి మీద గూడు 80, కింద రక్షణ పలకలు 40. ఇవన్నీ నేను పెట్టించుకుందామనుకున్న జాబితాలోవే. మొత్తం 210. ఐదుగురు మనుషులు తలా 75 చొప్పున 375. మిగిలింది 115. ఇప్పుడు 1,800 కిలోల ట్రైలరు తగిలిద్దాం. ట్రైలరు ఊగకుండా నడవాలంటే దాని బరువులో కనీసం పదో వంతు బండి కొక్కెం మీద ఆనాలి, అంటే 180. సామాను ఒక్కటి కూడా పెట్టకముందే 65 కిలోలు హద్దు దాటాం. అలంకారాలు ఏవీ లేకపోతే ఇంకా 145 కిలోలు చేతిలో ఉండేవి. ఏడాదికి ఒకసారైనా వాడని వించ్‌ను రోజూ మోసుకు తిరగడం పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకోవడమే. వారానికోసారి బురదలో దిగేవాళ్లకు ఈ మాట వర్తించదు. వాళ్లకు వించ్ పనిముట్టు.

బండి ముందు భాగం ఎత్తు పెంచి వెనకతో సమానం చేయడం ఇంకో మోజు. పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగా ఉండేది, బరువు పడ్డాక కమాను పట్టీలు వంగి బండి సమంగా నిలవాలని. ముందే సమం చేసేస్తే బరువు పడగానే ముక్కు పైకి లేస్తుంది. దీపాలు రోడ్డును వదిలి ఎదుటివాడి కళ్లలోకి చూస్తాయి. అద్దం వెనక ఉండి ముందు బండి దూరాన్ని కొలిచే కెమెరా కూడా పైకే చూస్తుంది, దాన్ని మళ్లీ సరిదిద్దించాలన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

దీపాలంటే గుర్తొచ్చింది. జాలీ వెనక ఒక పొడవాటి దీపాల పట్టీ పెట్టించాను. అందంగా కుదిరింది. నొక్కిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడి తీయడానికి ముందు జాలీ వెనక ఇంటర్‌కూలర్ ఉంటుంది. పట్టీ సరిగ్గా దాని ముందు పడింది. బండి కంప్యూటర్‌కు తగిలించి అంకెలు చూపించే చిన్న పరికరం ఒకటి నా దగ్గరుంది. దాని ప్రకారం, నేను రోజూ ఎక్కే ఎత్తు మీద ఇంజనులోకి పోయే గాలి బయటి వేడి కన్నా 14 డిగ్రీలు ఎక్కువ ఉండేది, పట్టీ పెట్టాక 23 అయింది. గాలి వేడెక్కితే నాకింగ్ (సిలిండర్లో మిశ్రమం తనంతట తాను పేలడం) రాకుండా కంప్యూటర్ స్పార్కును వెనక్కి జరుపుతుంది, శక్తి తగ్గుతుంది. గుర్రాలు విడిపించాలని తిరిగే లోకంలో దీపాల కోసం గుర్రాలు పోగొట్టుకున్నవాణ్ని నేను. పట్టీని గూడు మీదికి ఎక్కించాలంటే గూడు లేదు, తీసి అటకెక్కించాను.

ఇక అసలు గొడవ, ట్యూనింగ్. తమ్ముడు చేతకాని వాదన చేయడు. "2017లో ఫోర్డ్ ఎఫ్-150లో 3.5 లీటర్ల ట్విన్ టర్బో ఇంజను 375 గుర్రాలు. అదే కుటుంబపు ఇంజను అదే ఏడాది ఎఫ్-150లోనే కొండలూ ఇసుకల కోసం చేసిన రాప్టర్లో 450. మరి మిగతావి దాచినట్టే కదా అన్నయ్యా?" అంటాడు. మంచి ప్రశ్న. అయితే అదే రాప్టర్ లాగగలిగిన ట్రైలరు బరువు ఎక్కువలో ఎక్కువ సుమారు 3,600 కిలోలు, మామూలు ఎఫ్-150 సరైన అమరికతో 5,400 కిలోలు దాటి లాగింది. ఆ తేడా ఇంజను వల్ల రాలేదు, రాప్టర్ మెత్తటి సస్పెన్షన్ వల్ల వచ్చింది. నేను చెప్పాలనుకున్నదీ అదే. గుర్రాలు పెరిగినంత మాత్రాన బండి పని పెరగదు, పనికి హద్దు గీసేవి వేరే భాగాలు. గేర్‌బాక్స్ క్లచ్చులు, వెనక ఇరుసు, రేడియేటర్, బ్రేకులు, కమాను పట్టీలు. ఫైలు మారిస్తే వీటిలో ఒక్కటీ మారదు.

చవకలో దొరికే ట్యూనింగ్ పెట్టెలైతే మరీ అన్యాయం. టర్బో ఒత్తిడి కొలిచే సెన్సరుకు, కంప్యూటర్‌కు మధ్య దూరి, ఉన్న ఒత్తిడి కన్నా తక్కువ ఉందని చెబుతాయి. చాలలేదేమోనని కంప్యూటర్ ఇంకా నొక్కిస్తుంది. అంటే కాపలావాడికి కళ్లకు గంతలు కట్టి, దొంగతనం జరగలేదని వాడి చేతే చెప్పించడం. కంప్యూటర్లో ఫైలే మార్చే పద్ధతి కొంత నయం, అది కనీసం అబద్ధం చెప్పదు. కానీ చాలా బండ్లలో ఎన్నిసార్లు ఫైలు మారిందో కంప్యూటర్లోనే నమోదవుతుంది, పాతది తిరిగి ఎక్కించినా ఆ లెక్క చెరగదు. వారంటీలో ఉన్న కొత్త బండి మీద, అదీ ఇంజను నిజంగా గట్టిదో కాదో తెలియక ముందే, ఈ పని చేయడాన్ని నేను ధైర్యం అనలేను. వారంటీ ముగిశాక, డైనో (ఇంజను శక్తిని కొలిచే యంత్రం) మీద కొలిచి, నాకింగ్, పొగ వేడి నమోదు చేస్తూ, స్పార్క్ ప్లగ్ సందు తగ్గించి, గేర్‌బాక్స్‌కు కూడా లెక్క సరిచేసి, ట్రైలరు లాగని బండికి చేయించుకుంటే అభ్యంతరం లేదు. అలా చేసేవాళ్లు నూటికి ఎందరో మీకే తెలుసు.

డీజిల్ పికప్ ఉన్నవాళ్లకు ఒకటే మాట. మసి ఫిల్టరు తీయించేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. చాలా దేశాల్లో అది నేరం, అది లేని పొగ పీల్చేది మన వీధివాళ్లే. రోజూ రెండు కిలోమీటర్లు నడిపి ఆపితే అది మూసుకుపోతుంది, టర్బో రెక్కలు కూడా మసితో బిగుసుకుంటాయి. వారానికోసారి అరగంట హైవే మీద నడిపితే రెండూ కోలుకుంటాయి. నావంటి పెట్రోలు బండికీ పొట్టి ప్రయాణాలు చేటే. కాలని పెట్రోలు ఆయిల్‌లోకి జారి దాన్ని పలచన చేస్తుంది. కొలిచే పుల్ల మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే ఆనందించకండి, వాసన చూడండి.

నేను నిజంగా మార్చినవి చెబితే చదివేవాళ్లకు ఆవలింత వస్తుంది. తొట్టికి గీతలు పడకుండా రబ్బరు పూత. ఇంజను అడుగున ఒక పలక. టైర్లు. ట్రైలరు లాగేటప్పుడు పక్కలు కనిపించే పెద్ద అద్దాలు. ఆ అంకెలు చూపించే పరికరం. ప్రతి ఆయిల్ మార్పు అప్పుడు టర్బో నుంచి ఇంజను దాకా ఉన్న గొట్టాల క్లాంపులు చేత్తో తడిమి చూస్తాను. ఎక్కడైనా నూనె చెమ్మ కనిపిస్తే అక్కడ గాలి కారుతోందని అర్థం. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం ఉంటుందని పుస్తకం అంటుంది. ఎవరి జీవితకాలమో చెప్పదు. ట్రైలరు లాగే బండి కాబట్టి 60,000 దగ్గర మారుస్తాను.

మొన్న ఎండల్లో తమ్ముడి సామాను కొత్త ఇంటికి చేర్చడానికి ట్రైలరు తగిలించాం. బీరువాలు, మంచాలు, ఫ్రిజ్. కొండదారి మొదలయ్యాక అతను పక్క సీట్లో కూర్చుని ఆ చిన్న తెర వైపే చూస్తున్నాడు. లోపలికి వెళ్లే గాలి వేడి 61 డిగ్రీలు. స్పార్కు మూడు డిగ్రీలు, తర్వాత ఐదు డిగ్రీలు వెనక్కి. గేర్‌బాక్స్ ఆయిల్ 108. బండి రెండో గేరులో అరుస్తూ, మెల్లగా అయినా, ఆగకుండా ఎక్కుతోంది. సగం దారిలో అతను ఏసీ తగ్గించాడు, నేను అడగకుండానే. పైకి వెళ్లాక ఆ అంకెలకు అర్థమేమిటో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నాడు. ఫైలు గురించి ఆ రోజు మాట్లాడలేదు.

మర్నాడు మాట్లాడాడు. వారంటీ ఎప్పుడు ముగుస్తుందో తేదీ అడిగి ఫోనులో రాసుకున్నాడు. వెళుతూ వెళుతూ, అటక మీద ఉన్న ఎర్ర ఫిల్టరు తన కారుకు ఇమ్మన్నాడు. ఇవ్వలేదు.